వ్యర్థాలతో బహిరంగ కళాఖండం: సేకరణ నుంచి విడదీత వరకు సమగ్ర మార్గదర్శి

మన చేతులతో పారేసిన వస్తువు చెత్తబండి ఎక్కిన తరువాత ఎక్కడికి పోతుందో, ఎన్నాళ్లు ఉంటుందో మనం మళ్లీ చూడము. వ్యర్థాలతో చేసే బహిరంగ కళ ఆ కనుమరుగైన వస్తువును అందరూ నడిచే దారిలోకి తెచ్చి నిలబెడుతుంది. రోడ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన నేక్‌చంద్ 1957లో చండీగఢ్‌లో ఎవరికీ చెప్పకుండా మొదలుపెట్టి, పగిలిన పింగాణీ, గాజుముక్కలు, కూల్చిన కట్టడాల శిథిలాలతో కూర్చిన శిల్పవనం 1976లో ప్రజలకు తెరుచుకుంది. కొత్త నగరం కోసం తొలగించిన ఊళ్ల శిథిలాలు కూడా అందులో ఉన్నాయి. ఆ నగరం దేన్ని పక్కకు నెట్టి లేచిందో ఆ బొమ్మల ఒంట్లోనే కనిపిస్తుంది.

ఈ పని చేపట్టే బృందాలన్నీ మొదటి రోజునే ఒక నియమం పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. మనం చేసిన కళాఖండం కొన్నేళ్లకు తానే చెత్తగా మారకూడదు. ఏ వస్తువును ఎంచుకోవాలి, దాన్ని దేనితో బిగించాలి, రంగు వేయాలా వద్దా అనే ప్రశ్నలన్నిటికీ ఈ నియమమే జవాబు చెబుతుంది. కింది దశలన్నీ దాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవే.

మొదటి దశ: ఒక వ్యర్థం, ఒక వాక్యం

బొమ్మ గీయడానికి ముందు, కళాఖండం ఏ ప్రాంతం గురించి మాట్లాడబోతోందో అక్కడి చెత్తను వారం రోజుల పాటు పరిశీలించాలి. నేల మీద పాత టార్పాలిన్ పరిచి, ఆ చోట దొరికిన చెత్తను కుప్పలుగా వేరు చేసి, ఒక్కో కుప్పను తూచి, లెక్కపెట్టి రాసుకోవాలి. చాలాసార్లు మనం ఊహించిన వస్తువు ఒకటి, అక్కడ పోగుపడుతున్న వస్తువు మరొకటి అవుతుంది. సీసాలు ఎక్కువనుకున్న చోట పలచటి సంచులు, తెగిన చెప్పులు ఎక్కువగా తేలవచ్చు. ఆ లెక్కల నుంచి “ఈ కాలువలో ఒక్క నెలలో కొట్టుకొచ్చిన చెప్పులు ఇవి” అన్నట్టుగా ఒకే ఒక్క వాక్యం రాయాలి. “పర్యావరణాన్ని కాపాడుకుందాం” అన్న వాక్యంతో ఏ బొమ్మా తయారు కాదు, ఎందుకంటే అది ఏ వస్తువునూ చూపించదు.

ఎంచుకున్న వ్యర్థానికీ, బొమ్మ రూపానికీ మధ్య నిజమైన సంబంధం ఉండాలి. 2018లో బెల్జియంలోని బ్రూజ్ నగరపు కాలువలో, పసిఫిక్ సముద్రం నుంచి తీసిన సుమారు 5 టన్నుల ప్లాస్టిక్‌తో స్టూడియో కేసీఏ అనే బృందం నీటిలోంచి పైకి ఎగురుతున్న తిమింగలాన్ని నిలబెట్టింది. సముద్రంలో తేలే చెత్త, ఆ చెత్త నడుమ బతికే ప్రాణి, నీటి మధ్య స్థలం మూడూ ఒకే మాట చెప్పాయి కాబట్టి చూసేవారికి వివరణ దాదాపు అవసరం కాలేదు. ఢిల్లీలో 2019లో ప్రారంభమైన వేస్ట్ టు వండర్ పార్కులో సుమారు 150 టన్నుల తుక్కుతో ప్రపంచ ప్రసిద్ధ కట్టడాల నమూనాలు చేశారు. పాత ఇనుముతో అంత సూక్ష్మంగా పని చేసిన చేతుల నైపుణ్యం గొప్పది. అయితే అవగాహనే మీ ప్రధాన లక్ష్యమైతే, ప్రసిద్ధ కట్టడపు రూపం చూపరి దృష్టిని తనవైపే లాక్కుంటుందనీ, వ్యర్థం వెనక్కి పోతుందనీ గుర్తుంచుకుని రూపాన్ని ఎంచుకోవాలి.

ఇంకో విషయం. వ్యర్థం వ్యర్థంగానే గుర్తుపట్టేలా ఉండాలి. పోర్చుగల్ కళాకారుడు బోర్డలో సెకండ్ చేసే భారీ జంతువుల బొమ్మలు కొన్నింటిలో సగభాగానికి రంగు ఉంటుంది, మిగతా సగం పారేసిన వస్తువుల అసలు రంగులోనే ఉంటుంది. దూరం నుంచి జంతువు కనిపిస్తుంది, దగ్గరికి వెళితే పగిలిన బంపరు, పాత గొట్టం, చెత్తడబ్బా మూత కనిపిస్తాయి. ఆ దూరానికీ ఈ దగ్గరికీ మధ్య నడిచే నాలుగైదు అడుగుల్లోనే చూపరిలో ఆలోచన మొదలవుతుంది. మొత్తానికి రంగు పూసేస్తే ఆ అడుగులు వృథా అవుతాయి, పైగా రంగు పూసిన ప్లాస్టిక్‌ను తరువాత పునర్వినియోగానికి పంపడం కష్టం.

రెండో దశ: స్థలం, అనుమతి

స్థలం యజమాని నుంచి, స్థానిక పాలన సంస్థ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. కళాఖండం ఎన్నాళ్లు ఉంటుంది, మరమ్మతు ఎవరి బాధ్యత, తీసేసే ఖర్చు ఎవరిది అనే మూడు విషయాలు ఆ పత్రంలోనే ఉండాలి. పైన కరెంటు తీగలు, నేల కింద నీటి గొట్టాలు, కేబుళ్లు లేవని చూసుకోవాలి. జనం దూరం నుంచే చూడగలిగి, దగ్గరికి వచ్చి చుట్టూ తిరగగలిగే చోటు శ్రేష్ఠం.

మూడో దశ: సేకరణ

ఇక్కడ నైతికమైన ప్రశ్న ఒకటి ముందుకు వస్తుంది. నీళ్ల సీసాలు, అల్యూమినియం డబ్బాలు, అట్టపెట్టెలు కొనేవాళ్లున్న వస్తువులు. వాటిని ఏరి అమ్ముకుని బతికే మనుషులు ప్రతి నగరంలోనూ ఉన్నారు, పైగా ఆ వస్తువులు ఎలాగూ పునర్వినియోగానికి వెళ్తాయి. వాటిని మనం ఉచితంగా పోగుచేసుకుంటే ఒకరి కూలి తగ్గుతుంది, ప్రకృతికి ఒరిగేదేమీ ఉండదు. అందుకే ఎవరూ కొనని వ్యర్థాలకు మొదటి స్థానం ఇవ్వాలి: చిరిగిన వలలు, తెగిన చెప్పులు, విరిగిన ఆటబొమ్మలు, పళ్లు తోముకునే బ్రష్షులు, పెన్నులు, పొరలు పొరలుగా ఉండే తినుబండారాల కవర్లు. సీసాలే కావాలనుకుంటే ఏరేవారి దగ్గర సరైన ధరకు కొనాలి.

ఏరేవారిని సరఫరాదారులుగా మాత్రమే చూడకుండా పనిలో భాగస్వాములను చేయాలి. ఏ వస్తువు ఎక్కడ దొరుకుతుందో, దేనికి విలువ లేదో వారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. బ్రెజిల్ కళాకారుడు విక్ మునీజ్ రియో డి జనీరో నగరపు జార్డిమ్ గ్రమాషో చెత్తదిబ్బ దగ్గర పనిచేసినప్పుడు, అక్కడ చెత్త ఏరేవారి చిత్తరువులను వారి చేతులతోనే, వారు ఏరిన వస్తువులతోనే కూర్పించాడు. న్యూయార్క్ పారిశుద్ధ్య శాఖలో 1977 నుంచి ఆస్థాన కళాకారిణిగా ఉన్న మియెర్లె లాడెర్మన్ యూకెలెస్ 1979, 80 సంవత్సరాల్లో దాదాపు 8,500 మంది పారిశుద్ధ్య కార్మికులను వెదికి కలిసి, ఒక్కొక్కరితో కరచాలనం చేసి, నగరాన్ని బతికిస్తున్నందుకు కృతజ్ఞతలు చెప్పింది. అందులో బొమ్మ ఏదీ లేదు, కానీ ఈ రంగంలో అడుగుపెట్టే ప్రతివారూ తెలుసుకోవలసిన పని అది.

కొన్ని వ్యర్థాలను ఏ పరిస్థితిలోనూ తాకకూడదు. ఆసుపత్రి వ్యర్థాలు, పాదరసం ఉండే పాత ట్యూబులైట్లు, గాజులో సీసం ఉండే పాత లావు టీవీ తెరలు, బ్యాటరీలు, ఆస్బెస్టాస్ రేకులు, పురుగుమందుల డబ్బాలు, లోపల ఒత్తిడి మిగిలి ఉండే స్ప్రే డబ్బాలు ఈ కోవలోకి వస్తాయి. మూత బిగించిన నూనె పీపాలను, ఇంధన ట్యాంకులను కోయడం మరీ ప్రమాదకరం. లోపల మిగిలిన ఆవిరి నిప్పురవ్వ తగిలితే పేలుతుంది.

ఎంత సేకరించాలో ముందే లెక్క వేసుకోవాలి. ఉదాహరణకు సీసా మూత అడ్డుకొలత సుమారు 30 మిల్లీమీటర్లు. మూతలను వరుసలుగా పేరిస్తే చదరపు మీటరుకు దాదాపు 1,100, తేనెపట్టులా ఒకదాని సందులో మరొకటి ఒదిగేలా పేరిస్తే దాదాపు 1,280 పడతాయి. కడిగేటప్పుడు, రంధ్రాలు వేసేటప్పుడు పగిలేవాటి కోసం మరో పాతిక శాతం కలుపుకోవాలి. ఈ లెక్క చేరగానే సేకరణ ఆపేయాలి. తక్కువ పడ్డాయని కొత్త వస్తువులు కొని వాడటం, బహుమతులు పెట్టి సీసాలు తెమ్మని జనాన్ని తొందరపెట్టడం ఈ పని మూలానికే విరుద్ధం.

నాలుగో దశ: వేరు చేయడం, కడగడం, పరీక్షించడం

ప్లాస్టిక్ వస్తువు అడుగున బాణాల త్రికోణంలో 1 నుంచి 7 వరకు ఒక అంకె ఉంటుంది. 1 అంటే నీళ్ల సీసాల పెట్, 2 అంటే షాంపూ డబ్బాల వంటి గట్టి పాలిథీన్, 3 అంటే పీవీసీ, 4 అంటే సంచుల మెత్తటి పాలిథీన్, 5 అంటే పాలిప్రొపిలీన్, 6 అంటే థర్మోకోల్ తరగతి పాలిస్టైరీన్, 7 అంటే మిగతావన్నీ. అంకె చెరిగిపోతే చిన్న ముక్క కోసి సబ్బునీళ్లలో వేయాలి. పాలిథీన్, పాలిప్రొపిలీన్ తేలతాయి, పెట్, పీవీసీ మునుగుతాయి. ఈ విభజన ఇప్పుడే చేసి పెట్టుకుంటే, రేపు విప్పేటప్పుడు ఏ ముక్క ఎటు పోవాలో సందేహం ఉండదు.

తరువాత ప్రతి ముక్కనూ కొంచెం వంచి చూడాలి. పైన తెల్లటి పొడి రాలుతున్నా, వంచగానే పుటుక్కున విరిగినా ఆ ప్లాస్టిక్‌ను ఎండ అప్పటికే తినేసిందని అర్థం. దాన్ని ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టాలి, ఎందుకంటే అది బొమ్మ మీద నుంచి పొడిగా రాలి మట్టిలో, నీటిలో కలుస్తుంది. కడిగిన నీళ్లను సన్నటి గుడ్డతో వడగట్టిన తరువాతే మురుగు కాలువలోకి వదలాలి, వాననీటి కాలువలోకి వదలకూడదు. చేతులకు దళసరి తొడుగులు తప్పనిసరి.

ఐదో దశ: నమూనా, చట్రం, గాలి

అసలు కొలతలో పదోవంతు నమూనాను మట్టితోనో, అట్టతోనో, తీగతోనో చేయాలి. ఇక్కడ కొత్తవారు పొరబడే చోటు ఒకటి ఉంది. నమూనాను ప్రతి దిక్కులోనూ పది రెట్లు పెంచితే కప్పవలసిన ఉపరితలం 100 రెట్లు పెరుగుతుంది, లోపల కూడా నిండుగా ఉన్న బొమ్మ బరువు 1,000 రెట్లు పెరుగుతుంది. చేతిలో తేలిగ్గా నిలిచిన ఒంటికాలి కొంగ నిజమైన కొలతలో తన కాలు మీద తాను నిలబడలేకపోవచ్చు. అందుకే దాదాపు అన్ని పెద్ద బొమ్మలకూ లోపల ఇనుప చట్రం, పైన వ్యర్థాల తొడుగు ఉంటాయి.

బరువు కంటే గాలిని ఎక్కువ లెక్కలోకి తీసుకోవాలి. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దాని వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. గంటకు 108 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు 30 మీటర్లు, ఒత్తిడి 540 న్యూటన్లు, అంటే ప్రతి చదరపు మీటరునూ దాదాపు 55 కిలోల బలం నెడుతుంది. 2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న బొమ్మ మీద అది 330 కిలోలు అవుతుంది, బొమ్మ ఆకారాన్ని బట్టి ఇంకా పెరగవచ్చు కూడా. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. తొడుగులో గాలి దూరిపోయే సందులు ఉంచడం, చట్రాన్ని నేలలోని కాంక్రీటు పునాదికి బోల్టులతో బిగించడం దీనికి పరిష్కారాలు. మనిషి ఎత్తు దాటిన ఏ బొమ్మకైనా నిర్మాణ ఇంజినీరు లెక్క చూసి సంతకం చేసిన పత్రం ఉండాలి. ఈ విషయంలో రాజీ ఉండకూడదు.

లాస్ ఏంజెలెస్‌లో సైమన్ రోడియా అనే కార్మికుడు 1921 నుంచి 1954 వరకు ఒంటరిగా ఉక్కు, సిమెంటు, పగిలిన పింగాణీ, సీసాముక్కలతో కట్టిన వాట్స్ టవర్లలో ఎత్తైనది దాదాపు 30 మీటర్లు ఉంటుంది. అవి ప్రమాదకరమని కూల్చాలనుకున్నప్పుడు 1959లో ఒక గోపురాన్ని 10,000 పౌండ్ల బలంతో పక్కకు లాగి పరీక్షించారు. లాగే పరికరమే వంగింది కానీ గోపురం చెక్కుచెదరలేదు. ఆ గోపురాలు ఈనాటికీ ఉన్నాయి. సౌందర్యం గురించి ఎన్ని మాటలు చెప్పినా వాటిని ఆ రోజు కాపాడలేకపోయేవేమో, బలం రుజువయింది కాబట్టే నిలిచాయి.

ఆరో దశ: తొడుగు బిగించడం

ఈ దశలోనే ఎక్కువ పనులు పాడవుతాయి కనుక కొంత వివరంగా చెప్పాలి. పాలిథీన్, పాలిప్రొపిలీన్‌లకు జిగురు పట్టదు. వాటి ఉపరితల స్వభావమే అలాంటిది. మొదటి రోజు గట్టిగా అంటుకున్నట్టు కనిపించే మూతలు ఎండకూ వానకూ నాలుగు నెలలు తిరగకుండానే రాలిపోతాయి. కాబట్టి రంధ్రం వేసి తీగతో కట్టడం, కుట్టడం, రివెట్ కొట్టడం, స్క్రూతో బిగించడం, ఈ పద్ధతులే వాడాలి. నైజీరియాలో స్థిరపడిన ఘనా కళాకారుడు ఎల్ అనట్సుయ్ మద్యం సీసాల లోహపు మూతలను రాగితీగతో ఒకదానికొకటి ముడివేసి గోడంత విశాలమైన తెరలు చేస్తాడు. వాటిని మడవవచ్చు, విప్పవచ్చు, ప్రతిసారీ కొత్త ముడతలతో వేలాడదీయవచ్చు. జిగురు అవసరమే లేని ఈ పద్ధతి నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది.

ప్లాస్టిక్ వేడికి బాగా సాగుతుంది. మీటరు పొడవున్న గట్టి పాలిథీన్ పలక ఉష్ణోగ్రతలో 40 డిగ్రీల తేడాకు 5 నుంచి 8 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అదే ఇనుము అర మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది. రెండిటినీ బిగుతుగా కలిపితే పలక ఉబ్బి, స్క్రూ దగ్గర చీలుతుంది. పలకలో గుండ్రని రంధ్రానికి బదులు కోలగా ఉండే రంధ్రం వేసి, స్క్రూ కింద వెడల్పాటి వాషరు పెట్టి, కొద్దిగా వదులుగా బిగిస్తే పలక స్వేచ్ఛగా కదులుతుంది. ఇంటికప్పు మీద పెంకులు నేసినట్టు కింది వరుస నుంచి మొదలుపెట్టి, పై వరుస కింది వరుసను కొంత కప్పేలా బిగించుకుంటూ పైకి పోవాలి. అప్పుడు వాననీరు లోపలికి దిగదు, బిగింపులూ దాగిపోతాయి.

బొమ్మ మొత్తాన్ని స్థలంలోనే కట్టే కన్నా, ఇద్దరు మనుషులు మోయగల చిన్న పలకలుగా కార్ఖానాలో తయారుచేసి, చట్రానికి బోల్టులతో తగిలించడం ఎంతో మేలు. ఒక చోట పాడైతే ఆ పలకను మాత్రమే విప్పి బాగుచేసుకోవచ్చు.

ప్లాస్టిక్‌ను కరిగించి అతికించాలనే కోరికను అదుపులో పెట్టుకోవాలి. పీవీసీ మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన విషవాయువు వెలువడుతుంది. పర్యావరణం కోసం చేస్తున్న పనిలోనే ఆ పొగ పీల్చడం, పీల్పించడం తప్పు. జింకు పూత ఉన్న ఇనుమును వెల్డింగ్ చేసినా జింకు పొగ పీల్చినవారికి చలితో జ్వరం వస్తుంది కనుక, అతికే చోట పూతను ముందుగా గీకేసి, గాలి ఆడే చోట ముఖానికి తగిన తొడుగుతో పనిచేయాలి. అల్యూమినియం, ఇనుము నేరుగా తగిలే చోట తేమ చేరితే అల్యూమినియం త్వరగా తినుకుపోతుంది, మధ్యలో రబ్బరు ముక్క పెడితే సరిపోతుంది. రంధ్రాలు వేసేటప్పుడు రాలే ప్లాస్టిక్ పొట్టును కింద గుడ్డ పరిచి, పని ముగిసిన ప్రతి సాయంత్రం ఎత్తివేయాలి.

ఏడో దశ: చూసేవారి భద్రత

పిల్లలు ఎక్కకూడదని బోర్డు పెట్టినా పిల్లలు ఎక్కుతారనే భావించి కట్టాలి. చేతికి అందే ఎత్తులో పదునైన అంచు ఒక్కటి కూడా ఉండకూడదు. ఆటస్థలాల ప్రమాణాల ప్రకారం 89 నుంచి 230 మిల్లీమీటర్ల మధ్య ఉండే సందులో పిల్లల ఒళ్లు దూరి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది, కనుక సందులు ఆ కొలత కన్నా చిన్నవిగానో, పెద్దవిగానో ఉండాలి. ప్లాస్టిక్, టైర్లు మండే పదార్థాలు కాబట్టి భవనాలకు, పొయ్యిలకు, దీపాలకు దూరంగా నిలపాలి.

దోమలనూ మరవకూడదు. టైరు లోపలి గాడిలో, తిరగబడిన మూతలో నిలిచిన కాస్త నీరు చాలు, వారం పది రోజుల్లో గుడ్డు దోమ అవుతుంది. నీరు నిలిచే ప్రతి గుంటకూ అడుగున రంధ్రం వేసి, బిందెడు నీళ్లు పైనుంచి పోసి, అర గంట తరువాత ఎక్కడెక్కడ తడి నిలిచిందో వేలితో తడిమి చూడాలి.

ఎనిమిదో దశ: జనం చేతులు, ఫలకం మీది మాట

బొమ్మను చూసినవారి కన్నా దానికి ఒక్క మూత కుట్టినవారిలో మార్పు ఎక్కువగా కనిపిస్తుంది. అమెరికాలోని ఆరెగన్ తీరంలో ఏంజెలా హేజెల్టైన్ పోజీ 2010లో ప్రారంభించిన వాష్డ్ అషోర్ సంస్థ, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్లాస్టిక్‌ను ఏరడం నుంచి కడగడం, కుట్టడం వరకు స్వచ్ఛంద సేవకులతోనే చేయించి పెద్ద సముద్రజీవుల బొమ్మలు నిర్మిస్తుంది. రంగుల వారీగా వేరు చేయడం పిల్లలకు, కుట్టడం పెద్దలకు, డ్రిల్లు, వెల్డింగ్ శిక్షణ ఉన్నవారికి మాత్రమే అప్పగించాలి.

ఫలకం మీద ఉపదేశం రాయవద్దు. ఏ వస్తువు, ఎక్కడ, ఎన్ని రోజుల్లో, ఎన్ని కిలోలు దొరికింది, ఎవరు ఏరారు, ఆ వస్తువు బదులు ఏమి వాడవచ్చు అనే వివరాలను స్థానిక భాషలో, పదేళ్ల పిల్లలు చదవగల పెద్ద అక్షరాల్లో రాయాలి. ఏరినవారి పేర్లను వారి అనుమతితో కళాకారుడి పేరు పక్కనే, అదే పరిమాణంలో చెక్కాలి. ఫలితం తెలుసుకోవాలంటే మొదటి వారంలో చేసిన చెత్త లెక్కను ఆరు నెలల తరువాత అదే చోట, అదే పద్ధతిలో మళ్లీ చేయాలి. తగ్గకపోతే ఆ సంగతిని కూడా ఫలకం పక్కన ప్రకటించాలి.

తొమ్మిదో దశ: సంరక్షణ, విడదీత

బయట ఉంచిన ప్లాస్టిక్‌ను ఎండలోని అతినీలలోహిత కిరణాలు నెమ్మదిగా పెళుసుగా మారుస్తాయి. పాలిప్రొపిలీన్ వేగంగా పాడవుతుంది. మసి కలిపిన నల్ల ప్లాస్టిక్ అన్నిటికన్నా ఎక్కువ కాలం తట్టుకుంటుంది. మూడు నెలలకొకసారి నాలుగో దశలో చెప్పిన వంపు పరీక్షను పది, పన్నెండు చోట్ల చేయాలి. తుప్పు పట్టిన చోట గీకి ప్రైమరు పూయాలి, వదులైన బోల్టులు బిగించాలి, పెద్ద గాలివాన వచ్చి వెళ్లిన మరునాడు తప్పకుండా వెళ్లి చూడాలి. పొడి రాలడం కనిపించిన పలకను వెంటనే విప్పాలి.

ప్లాస్టిక్ తొడుగు ఉన్న బొమ్మకు మొదటి రోజే ఒక ముగింపు తేదీ పెట్టడం మంచిది. నా దృష్టిలో రెండు, మూడేళ్లు చాలు. రాయి, పింగాణీ, ఉక్కు అయితే తరాలు నిలవవచ్చు. విడదీత రోజున కట్టిన క్రమానికి తలకిందులుగా, పై వరుస నుంచి మొదలుపెట్టి పలకలు దించి, అంకెల వారీగా సంచుల్లోకి వేరు చేసి, ప్రతి సంచినీ తూచాలి. పునర్వినియోగానికి పోయేది అటు పంపి, చట్రాన్ని తరువాతి బొమ్మకు దాచుకుని, దేనికీ పనికిరాక మిగిలినదాన్ని సురక్షితంగా పారవేసే కేంద్రానికి అప్పగించాలి. బొమ్మ తీసేసిన చోట ఫలకాన్ని మాత్రం మరో నెల ఉంచి, పాత వివరాల కింద కొత్తగా మూడు అంకెలు రాయాలి: తిరిగి వాడుకలోకి పోయినది ఇన్ని కిలోలు, తరువాతి బొమ్మకు మిగిలినది ఇన్ని కిలోలు, పూడ్చవలసి వచ్చినది ఇన్ని కిలోలు.